పాతిక కోట్ల ప్రతులు

పుస్తకాన్ని సమీక్షించాలంటే రెండు ప్రతులు పంపాలని పత్రికలవాళ్ల నియమం. ఒకటి సమీక్షకుడికి, రెండోది ఆఫీసు బీరువాకి. ఇప్పుడు నేను విమర్శకు తీసుకున్న రచనకి ఎవరూ రెండు ప్రతులు పంపలేదు. పంపవలసిన అగత్యమూ వాళ్లకి లేదు. 2003లో వెలువడి, పాతిక కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయిన రచన అది! వెయ్యి ప్రతులు అచ్చు వేయించుకుని, అందులో సగం అయిదేళ్లపాటు మంచాల కింద దాచుకునే తెలుగు రచయితలకి ఆ అంకె వింటేనే కళ్లు తిరుగుతాయి.

రచన పేరు నోకియా 1100. అవునండీ, సెల్‌ఫోనే. రంగుల్లేని చిన్న తెర, నెత్తిమీద దీపం ఉండేదే.

"సెల్‌ఫోనుకి సాహిత్య విమర్శేమిటి, వేళాకోళం కాకపోతే?" అంటారేమో. వేళాకోళం కాదు. నా నవలలన్నీ కలిపి చదివినవాళ్లకన్నా, ఆ ఫోను వాడినవాళ్లు మా ఒక్క వీధిలోనే ఎక్కువమంది ఉంటారు. మనం ఎలా మాట్లాడుకోవాలో, ఎలా రాసుకోవాలో, ఎంతసేపు ఎదురుచూడాలో, ఏ అబద్ధం ఎలా ఆడాలో కూడా అది నేర్పింది. ఒక తరం నడవడిని అంతగా మార్చిన దాన్ని నాలుగు మంచి ప్రశ్నలు అడగకుండా వదిలేస్తే విమర్శకులమని చెప్పుకోవడం దేనికి?

ఇప్పుడే ఎందుకంటే, దానికో కారణం ఉంది. ఈ మధ్య ఆ పాత ఫోన్ల మీద అందరికీ ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తోంది. 2017లో బార్సిలోనాలో జరిగిన సెల్‌ఫోన్ల ప్రదర్శనలో నోకియా 3310ని కొత్త అవతారంలో మళ్లీ తెచ్చారు. జ్ఞాపకాలు కూడా అమ్ముడుపోతాయని కంపెనీవాళ్లు కనిపెట్టారన్నమాట. ఇక మనవాళ్లు "ఆ రోజులే వేరు, ఆ ఫోన్లే వేరు, మేడమీంచి పడేసినా పగిలేవి కావు" అంటూ నిట్టూరుస్తున్నారు. మేడమీంచి పడేసినా పగలకపోవడం రోలుకీ ఉన్న గుణమే. మెచ్చుకోవలసిందాన్ని మెచ్చుకోవాలి, కానీ దేనికి మెచ్చుకుంటున్నామో తెలిసి మెచ్చుకోవాలి.

మన విమర్శకులు ముందు 'వస్తువు' దగ్గర మొదలుపెడతారు. ఇక్కడ వస్తువుకి లోటేం లేదు, రచనంతా వస్తువే! అయితే అది ఎలాంటి కాలంలో వచ్చిందో చూడాలి. మన దేశంలో మొట్టమొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న వినిపించింది. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ తరువాత ఏడెనిమిదేళ్లపాటు సెల్‌ఫోను అంటే డబ్బున్నవాళ్ల ముచ్చటే. మాట్లాడినందుకే కాదు, అవతలివాళ్లు చేస్తే విన్నందుకు కూడా డబ్బు కట్టవలసిన రోజులవి. ఫోను మోగితే సంతోషం కాదు, గుండె దడ. 2003 మే నెలలో ఆ విన్న డబ్బు కట్టే బాధ పోయింది. అదే సంవత్సరం జూలైలో రిలయన్సువాళ్లు 501 రూపాయలు కట్టండి, ఫోను పట్టుకెళ్లండి అన్నారు. వాయిదాల కథ తరువాత మొదలయిందనుకోండి. సరిగ్గా అటువంటి సమయంలో వచ్చింది మన 1100. రచనకి ప్రతిభ ఒక్కటీ చాలదు, కాలం కూడా కలిసిరావాలని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక శిల్పం. ఇక్కడ మాత్రం నేను మనస్ఫూర్తిగా చేతులు జోడిస్తాను. కెమెరా లేదు, రేడియో లేదు, రంగులు లేవు. బరువు 86 గ్రాములు. మీటలన్నీ కలిపి ఒకే రబ్బరు తొడుగు కింద ఉంటాయి, సందుల్లోంచి దుమ్ము దూరదు. రెండు పక్కలా గరుకుగా ఉంటుంది, చెమట పట్టిన చేతిలోంచి జారదు. పైన చిన్న దీపం, 'సి' అన్న మీట నొక్కి పట్టుకుంటే వెలుగుతుంది. అంతే! అవసరం లేనిది ఒక్కటీ లేదు, అవసరమైనది ఒక్కటీ తప్పలేదు. మంచి చిన్న కథ లక్షణం కూడా ఇదేనని కొత్తగా రాసే అమ్మాయిలకు చెబుతుంటాను. వర్ణన పేరిట నాలుగు పేజీలు నింపేవాళ్లకి ఈ ఫోను తీసి చూపించాలనిపిస్తుంది.

ఆ దీపం సంగతి మరికాస్త చెప్పుకోవాలి. ఫోనుకి దీపమెందుకని పట్నాల్లో కరెంటు పోని ఇళ్లలో కూర్చున్నవాళ్లు ఎవరైనా అనుకుని ఉండవచ్చు. ఎండాకాలం కరెంటు కోత ఎరిగిన ఇల్లాలు ఆ మాట అనదు. పొయ్యిమీద పప్పు ఉడుకుతూండగా దీపం ఆరిపోతే, అగ్గిపెట్టె కోసం తడుముకునే ఆ రెండు నిమిషాలూ ఏమిటో ఆవిడకే తెలుసు. పెరట్లోకి వెళ్లేటప్పుడు గుమ్మం అవతల పాముందో తాడుందో చూసుకోవాలన్నా ఆ దీపమే. వేదాంతులు పామూ తాడూ ఉదాహరణతో మాయ గురించి చెప్పారు గాని, టార్చి గురించి చెప్పలేదు. ఈ ఫోను భారతదేశం కోసమే తయారైందని ప్రకటనల్లో చెప్పుకున్నారు. నోకియావారు అమ్మిన నూరు కోట్లవ ఫోను 2005లో నైజీరియాలో అమ్ముడైంది, అది కూడా 1100నే. దుమ్మూ, చీకటీ, చెమటా మన ఒక్కరి సొత్తు కాదుగదా!

నాదం మాటా చెప్పాలి. నోకియా అనగానే చెవిలో మోగే ఆ గీతం ఎవరో కంపెనీ గుమాస్తా కట్టింది కాదు. స్పెయిన్ దేశపు గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో కూర్చిన 'గ్రాన్ వాల్స్' అనే రచనలోని చిన్న ముక్క అది. పాపం, తన సంగీతం ఒకనాటికి సంతలోనూ, సినిమా హాల్లోనూ, పెళ్లిపీటల మీదా మోగుతుందని ఆయన కలగని ఉండడు. మెసేజి వస్తే ఆ ఫోన్లలో వినిపించే చప్పుడు ఇంకా చిత్రం. మూడు పొట్టి, రెండు పొడుగు, మళ్లీ మూడు పొట్టి. తంతి ఆఫీసులో టకటకలాడిన మోర్సు భాషలో 'ఎస్సెమ్మెస్' అని దానర్థం! టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇల్లంతా గొల్లుమనే రోజులు మన పెద్దవాళ్లు ఎరుగుదురు. 2013 జూలైలో ఆ తంతి వ్యవస్థని మన ప్రభుత్వం మూసేసింది. దానికి చాలా ముందే దాని భాష మన కొంగుచాటు ఫోన్లలో చేరి, "భోజనం చేశావా" అనే కబురుకి డప్పు వేస్తూ కూర్చుంది. చావుకబురు భాషని రోజువారీ పలకరింపుకి దింపడం చిన్న మార్పు కాదు.

లోపాలు లేవా? ఉన్నాయి. ఈ ఫోనులో వాడే రకం బ్యాటరీలు కొన్ని చార్జింగు పెట్టినప్పుడు వేడెక్కిపోతున్నాయని 2007లో కంపెనీయే హెచ్చరించింది. 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు మార్చి ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అందరూ ఫోను వీపు ఊడదీసి, కళ్లజోడు సవరించుకుని, బ్యాటరీ మీద అంకెలు చదువుకున్నవాళ్లే. అచ్చుతప్పుల పట్టిక వేసి క్షమాపణ చెప్పిన ప్రచురణకర్తల్లో వాళ్లు నయమనే చెప్పాలి.

కథా సంవిధానానికి వస్తే నవలా రచయిత్రిగా నాకు చాలా కడుపుమంట ఉంది. మన కథలన్నీ నడిచింది దేనిమీదండీ? కబురు అందకపోవడం మీద! యక్షుడి చేతిలో సెల్‌ఫోను ఉంటే మేఘాన్ని బతిమాలుకునేవాడు కాడు, కాళిదాసుకి కావ్యం ఉండేది కాదు. గురజాడవారి 'దిద్దుబాటు' తీసుకోండి, 1910 నాటిది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. పుట్టింటికి వెళ్లిపోయిందనుకుని మొగుడు కుమిలిపోతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు. ఆవిడేమో మంచం కిందే ఉంటుంది. ఇప్పుడు అదే కథ రాస్తే? ఉత్తరం విప్పకముందే ఆయన ఫోను తీస్తాడు. మంచం కింద తారెగా గారి సంగీతం మోగుతుంది. కథ మొదటి పేరాలోనే అయిపోతుంది. ఆయన మర్నాడు మళ్లీ పాటకచేరీకి వెళ్తాడు! మగవాడు మారడానికి కాస్త చీకటీ, కాస్త అనుమానం, చదువుకున్న ఇల్లాలు రాసిన ఒక ఉత్తరం కావలసి వచ్చాయి. వెంటనే సమాధానం దొరికే లోకంలో పశ్చాత్తాపానికి వ్యవధి ఏదీ?

కథ పోయినా పాత్రలు మిగిలాయి. మధ్యతరగతి ఇంట్లో వస్తువులకో వంశాచారం ఉంది. కొత్తది ముందు శ్రీవారికి, పాతబడ్డాక శ్రీమతికి. రంగుల తెర ఫోనూ కెమెరా ఫోనూ వచ్చాక ఆయన దానికి మారి, ఈ దీపం ఫోను ఆవిడకిచ్చారు. చాలా ఇళ్లలో ఆడవాళ్లకి దక్కిన మొదటి సొంత ఫోను అలా చేతులు మారి వచ్చినదే. అయినా సరే, దాని విలువ తక్కువ కాదు. అంతకుముందు ఫోను ఎక్కడుండేది? ముందుగదిలో, టీవీ పక్కన, లేసు అల్లిన గుడ్డ కప్పుకుని. కోడలు పుట్టింటికి ఫోను చేస్తే అత్తగారూ మామగారూ టీవీ గొంతు తగ్గించేవాళ్లు, మర్యాద కోసం అనుకునేరు! "బాగున్నానమ్మా, అందరూ బాగున్నారు" అన్న ఒక్క వాక్యంతో ఆ మాటలు ముగిసేవి. సెల్‌ఫోను వచ్చాక ఆ అమ్మాయి గుడ్డలు ఆరేసే నెపంతో మేడమీదికి వెళ్లింది. "బాగున్నానమ్మా" తరువాత రెండో వాక్యం అప్పుడు పుట్టింది. నన్నడిగితే, ఈ ఫోను రాయించిన గొప్ప వాక్యం ఆ రెండోదే.

అయితే ఆ ఫోనే కాపలా కూడా కాసింది. ఎవరికి చేశారు, ఎవరు చేశారు, ఎవరు చేస్తే ఎత్తలేదు - మూడు పట్టికలు దాని కడుపులో వరసగా ఉండేవి. "ఈ నంబరెవరిది?" అన్న ప్రశ్న వినని గృహిణులు ధన్యులు. పోస్టులో వచ్చిన ఉత్తరాన్ని విప్పి చదివే మొగుడు కనీసం కవరు చింపవలసి వచ్చేది, చింపిన గుర్తు మిగిలేది. దీనికి ఆ శ్రమ కూడా లేదు, ఆ గుర్తూ లేదు. రీచార్జి చేయించిన వంద రూపాయలు ఏమయ్యాయో చెప్పవలసిన బాధ మరొకటి. చేతికిచ్చినది ఫోనే గాని, లెక్కపుస్తకం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

దానికి మనవాళ్లు కనిపెట్టిన విరుగుడు మిస్డ్ కాల్. ఇంగ్లీషులో ఆ మాటకి, ఎత్తడం కుదరక తప్పిపోయిన ఫోను అని అర్థం. మనం దాన్ని 'ఇవ్వడం' నేర్చుకున్నాం. "బస్సు దిగగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు" అని పిల్లని పంపే తల్లి, ప్రమాదాన్ని పద్ధతిగా మార్చేసింది. ఒకసారి మోగితే చేరాను, రెండుసార్లయితే బయల్దేరాను, ఆగకుండా మోగితే ఎత్తు. పైసా ఖర్చు లేకుండా అర్థం ఇచ్చే ఇలాంటి భాషని ఏ వ్యాకర్తా రాయలేదు. పోపు డబ్బాలో చిల్లర దాచిన తెలివే అది.

ఇక అసలు అభియోగం భాష మీద. ఇక్కడ నేను మొహమాటపడదలచుకోలేదు.

మా చేతుల్లోకి వచ్చిన ఆ ఫోనులో తెలుగు అక్షరం లేదు. తెలుగుకి కంప్యూటర్ల ప్రపంచంలో స్థానం లేక కాదు. యూనికోడు మొదటి కూర్పులో, 1991లోనే, మన అక్షరాలకి చోటు దొరికింది. అయినా ఫోను దాకా రాలేదు. తరువాత కొన్ని ఫోన్లలోకి తెలుగు వచ్చినా ఇంకో ముడి మిగిలింది. 1980లలో ఐరోపాలో ఈ మెసేజిల పద్ధతి రూపొందించినవాళ్లు ఒక్కో మెసేజికి 160 ఇంగ్లీషు అక్షరాలు పట్టేలా కొలత పెట్టారు. అదే సంచిలో మన లిపి సర్దితే 70 గదులే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతానికో గది, పొల్లుకో గది. 'స్త్రీ' అని రాశామనుకోండి. మన కంటికి అది ఒక్కటే అక్షరం. యంత్రానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం - ఆరు! స్త్రీ ఎక్కడికెళ్లినా ఎక్కువ చోటు ఆక్రమిస్తోందన్న ఫిర్యాదు తప్పలేదు చూశారా. గది దాటితే రెండో మెసేజి, రెండో మెసేజికి రెండో చార్జీ. ఇది నోకియావారి తప్పు ఒక్కటే కాదు, ఆ కొలత పెట్టినప్పుడు మనం ఎవరికీ గుర్తు లేకపోవడం.

దాంతో మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాం. ఎనిమిది మీటల మీద ఇరవై ఆరు అక్షరాలు. 'అమ్మ' అని రాయాలంటే రెండో మీట, ఆరో మీట, ఒక క్షణం ఆగి మళ్లీ ఆరో మీట, చివర రెండు. ఆ క్షణం ఆగకపోతే అమ్మ కాస్తా 'అన' అయి కూర్చుంటుంది. మాటని ముందుగానే ఊహించి పెట్టే సదుపాయం ఉండేది గాని, దానికి ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. అమ్మకీ, అన్నకీ, ఇంగ్లీషు 'కోమా'కీ అవే నాలుగు మీటలు! తల్లిని పిలవబోతే స్పృహతప్పడం ఎదురయ్యే భాషలో ఒక తరం తన ప్రేమలూ, అలకలూ, క్షమాపణలూ రాసుకుంది. కల రాశామో కళ రాశామో చదివేవాళ్లే తేల్చుకోవాలి. వదినా ఒకటే, వాడిన పువ్వూ ఒకటే. ణకారం, ళకారం, హ్రస్వం, దీర్ఘం - అమ్మ పలక మీద చేయిపట్టి దిద్దించినవన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి.

"అర్థమవుతోందిగా, ఇంకేం కావాలి?" అంటారు. ఎవరికి అర్థమవుతోందని నా ప్రశ్న. మన అమ్మల్లో ఇంగ్లీషు చదువు అబ్బనివాళ్లు ఎందరో. అలాగని చదువు రానివాళ్లు కారు. వారపత్రిక వస్తే అట్టనుంచి అట్టదాకా చదివి, సీరియల్లో రచయిత్రి ఎక్కడ తప్పటడుగు వేసిందో చెప్పగలిగిన పాఠకురాళ్లు. నాబోటి వాళ్లని రచయిత్రులని చేసింది వాళ్లే. అటువంటి తల్లి, సొంత కూతురు సొంత భాషలో పంపిన కబురు చదవలేకపోయింది. పక్కింటి పిల్లవాడినో, మనవరాలినో పిలిచి చదివించుకోవలసి వచ్చింది. చదువు లేని అవ్వలు ఉత్తరం పట్టుకుని పోస్టుమాన్ కోసం కూర్చున్న రోజులు పోయాయని సంబరపడ్డాం. చదువున్న అమ్మని మళ్లీ ఆ అరుగు మీదే కూర్చోబెట్టాం. కూతురు కష్టం రాస్తే అది ముందు మూడో మనిషి నోట్లో పడి తరువాత అమ్మ చెవికి చేరింది. మేడమీద పుట్టిన ఆ రెండో వాక్యం, రాతలోకి వచ్చేసరికి మళ్లీ ముందుగదిలో పడిందన్నమాట. పాత ఫోన్ల మీద నిట్టూర్చేవాళ్లు ఈ ఒక్క విషయం మరిచిపోతున్నారనే నా బాధ.

పుస్తకానికి ముద్రాపకుల పేరు ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. దాన్నీ చదువుదాం. మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో 2006లో నోకియావారి కర్మాగారం మొదలైంది. అక్కడ ఫోన్లు బిగించినవాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన పడుచుపిల్లలే. వేల ఇళ్లలో మొదటి నెలజీతం తెచ్చింది ఆడపిల్ల. ఫోన్ల వ్యాపారాన్ని 2014లో మైక్రోసాఫ్టు కొనుక్కుంది గాని, పన్నుల తగాదా వల్ల ఆ కర్మాగారం మాత్రం బేరంలో చేరలేదు. అదే ఏడు నవంబరులో తలుపులు మూసేశారు. పాత ఫోను ఇంకా బతికే ఉందని మనం మురిసిపోతాం, దాన్ని బిగించిన చేతుల పని మాత్రం ఎనిమిదేళ్లే బతికింది. ఎవరూ ఆ పిల్లల మీద నిట్టూర్చి నాలుగు ముక్కలు రాయరు.

మరి తీర్పేమిటంటారా? శిల్పానికి పూర్తి మార్కులు. ఆడవాళ్లని మేడమీదికి పంపి రెండో వాక్యం పలికించినందుకు కృతజ్ఞతలు. కథలకి చేసిన నష్టాన్ని మేం రచయితలం ఎలాగో పూడ్చుకుంటాం. భాష విషయంలో మాత్రం అది తప్పింది, ఆ తప్పు ఇప్పటికీ మన వేళ్లమీద ఉంది. ఇప్పటి ఫోన్లలో తెలుగు మీటలున్నాయి, నోటితో చెబితే రాసిపెట్టే సదుపాయమూ ఉంది, 70 గదుల లెక్కా అక్కర్లేదు. అయినా బారసాల పిలుపు నుంచి సంతాపం దాకా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నాం. సంకెల తీసేసినా కాలు ఇంకా ఈడ్చుకుంటూ నడుస్తున్నాం.

అంచేత, చదివే అక్కయ్యలకీ చెల్లెళ్లకీ ఒక్క మనవి. ఆ పాత ఫోను అలమరలో ఉంటే ఉంచుకోండి, దీపం ఇంకా పనికొస్తుంది. కానీ ఈ రాత్రి అమ్మకి పంపే కబురు మాత్రం, మధ్యలో ఎవరినీ పిలవకుండా అమ్మ ఒక్కతే చదువుకోగలిగిన అక్షరాల్లో పంపండి.